కత్తి వెన్ను మీద రాత: పాత ఫ్రెంచ్ బాయినెట్ కొనే ముందు, తోమే ముందు

 

ఈరోజు టాపిక్ కొంచెం వింతగా ఉంటుంది. పాతకాలం ఫ్రెంచ్ సైనికులు తుపాకి చివర తగిలించుకున్న పొడవాటి కత్తులు, అంటే బాయినెట్లు. వాటిని ఎలా గుర్తుపట్టాలి, వాటి మీద రాత ఎలా చదవాలి, కొనేటప్పుడు ఎక్కడ దెబ్బతింటాం, ఇండియాకి తెచ్చుకోవచ్చా లేదా, ఇవన్నీ మాట్లాడుకుందాం. అయితే ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. అది వింటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

నేను చదువుకోడానికి ఫ్రాన్స్ వచ్చి, సెంట్ ఎటియెన్ అనే ఊళ్ళో ఉంటున్నాను. ఇక్కడ ఆదివారాలు వీధుల్లో పాత సామాన్ల సంత పెడుతుంటారు. దాన్ని వీద్ గ్రెనియే అంటారు. అంటే అక్షరాలా "అటక ఖాళీ చేయడం". మన ఇళ్ళల్లో అటక మీద సొట్టపడ్డ బిందెలు, పాత ఫ్యాన్లు ఉంటాయి కదా. ఇక్కడివాళ్ళ అటకల మీద వాటితో పాటు ముత్తాతల కాలంనాటి బాయినెట్లు కూడా ఉంటాయి.

అలాంటి సంతలో నాకు ఒకటి కనిపించింది. నల్లబడిపోయిన ఇత్తడి పిడి, పాములా మెలిక తిరిగిన పొడవాటి కత్తి, ఇనుప ఒర. అరవై యూరోలకి ఇచ్చారు. రూమ్‌కి తెచ్చాను. మన అలవాటు తెలుసుగా, ఇత్తడి అంటే చింతపండు. బాగా నానబెట్టి పిడిని తోమితే గుడి గంటలా మెరిసింది. అక్కడితో ఆగానా? లేదు. కత్తి మీద తుప్పు ఉందని సాండ్‌పేపర్ తెచ్చి మీద, కింద, పక్కల రుద్దేశాను. ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ గ్రూప్‌లో పెడితే అందరూ సూపర్ అన్నారు.

తర్వాతి వారం ఇలాంటివి నలభై ఏళ్ళుగా సేకరిస్తున్న ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన మెరిసే పిడి వైపు చూడలేదు. కత్తిని తిప్పి, దాని వెన్ను మీద, అంటే పదునుకి వెనకవైపు ఉండే మందపాటి అంచు మీద, వేలుతో మెల్లగా రాస్తూ చూశారు. "ఇది ఎవరు రుద్దారు?" అని అడిగారు. "నేనేనండి" అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఇందులో చదవడానికి ఒకే ఒక్క లైను ఉంటుంది బాబూ. నువ్వు దాన్నే చెరిపేశావు" అన్నారు.

ఆ లైను ఏంటో, అది ఎందుకు అంత ముఖ్యమో చెప్పడమే ఈ ఎపిసోడ్.

అసలు బాయినెట్ ఎందుకు పుట్టింది?

బాయినెట్ అనే పేరు ఫ్రాన్స్ నైరుతి మూల ఉన్న బయోన్ అనే ఊరి పేరు మీద వచ్చిందని చెప్తారు. పాతకాలం తుపాకులకి ఒక పెద్ద సమస్య ఉండేది. ఒకసారి పేల్చాక మళ్ళీ మందు, గుండు కూరి సిద్ధం చేయడానికి చాలా టైం పట్టేది. ఈలోపు గుర్రం మీద శత్రువు వచ్చి మీద పడితే? చేతిలో ఉన్నది ఉత్త కర్ర. అందుకే తుపాకినే ఈటెగా మార్చే కత్తి కావాలి.

మొదట్లో, అంటే 17వ శతాబ్దంలో, కత్తి పిడిని తీసుకెళ్ళి తుపాకి గొట్టంలోనే బిరడాలా దూర్చేవాళ్ళు. కత్తి దూరిస్తే ఇక తుపాకి పేలదు. ఆ తర్వాత గొట్టం చుట్టూ తొడిగే గొట్టపు బాయినెట్ వచ్చింది. ఒక చిన్న ఇనుప గొట్టం, దాని పక్కనుంచి బయటికి వచ్చిన మొన. ఇది ఉన్నా తుపాకి పేల్చొచ్చు. దాదాపు నూట యాభై ఏళ్ళు యూరప్ సైన్యాలన్నీ ఇదే వాడాయి.

ఇక్కడ మనవాళ్ళు కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. "హైదరాబాద్‌లో నిజాం దగ్గర ఫ్రెంచ్ జనరల్ రేమండ్ ఉండేవాడు కదా, ఆయన సైనికుల దగ్గర కూడా ఈ కత్తి బాయినెట్లే ఉన్నాయా?" అని. మలక్‌పేట దగ్గర ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఆయన చనిపోయింది 1798లో. మనం మాట్లాడుకునే కత్తి బాయినెట్ ఫ్రెంచ్ సైన్యంలో మామూలైంది 1840 తర్వాత. కాబట్టి ఎవరైనా పొడవాటి ఇత్తడి పిడి బాయినెట్ చూపించి "ఇది రేమండ్ సైన్యానిది" అంటే నవ్వేసి వచ్చేయండి.

మరి కత్తి బాయినెట్ ప్రత్యేకత ఏంటి? దీనికి మామూలు కత్తిలా పిడి ఉంటుంది. తుపాకి నుంచి తీసేస్తే చేత్తో పట్టుకుని కత్తిలా వాడొచ్చు. 1840 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కొత్త రకం కాల్బలం దళాలు ఏర్పడ్డాయి. వాళ్ళ తుపాకులు పొట్టివి. పొట్టి తుపాకితో గుర్రం మీదున్నవాడిని అందుకోవాలంటే కత్తి పొడవుండాలి. అందుకే దాదాపు మోచేతి నుంచి వేళ్ళ చివరిదాకా కొలిచినా సరిపోనంత పొడవు.

మొదలుపెట్టేవాళ్ళకి తెలియాల్సిన మూడు రకాలు

ఫ్రెంచ్ బాయినెట్లలో చాలా మోడల్స్ ఉన్నాయి. కానీ సంతల్లో, వేలంపాటల్లో మీకు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు. ఈ మూడూ గుర్తుపట్టగలిగితే సగం పని అయిపోయినట్టే.

మొదటిది 1866 మోడల్. షాస్‌పో అనే తుపాకిది. నేను రుద్దేసింది ఇదే. పిడి మొత్తం ఇత్తడి, చేతికి పట్టు దొరికేలా అడ్డంగా గాడులు ఉంటాయి. కత్తి సుమారు 57 సెంటీమీటర్లు, పిడితో కలిపి 70 దాకా. ముఖ్యమైన గుర్తు ఏంటంటే, కత్తి నిటారుగా ఉండదు. ఒకసారి కిందికి వంగి మళ్ళీ పైకి లేస్తుంది. ఈ ఆకారాన్ని యటగాన్ అంటారు. టర్కీ కత్తుల పేరు అది. ఆ వంపు అందం కోసం కాదు. గుండు వెళ్ళే దారికి, మూతి దగ్గర పనిచేసే చేతికి కత్తి మొన దూరంగా ఉండాలి. ముందునుంచి కూరే తుపాకుల కాలంలో అది చాలా అవసరం. షాస్‌పో వెనకనుంచి నింపే తుపాకి, అయినా ఆకారం అలాగే కొనసాగింది. ఈ వంపు కత్తిని ఇంగ్లండ్, అమెరికా లాంటి దేశాలు కూడా కాపీ కొట్టాయి. కాబట్టి వంపు ఉన్నదల్లా ఫ్రెంచ్‌ది కాదు, ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది 1874 మోడల్, గ్రా తుపాకిది. ఇందులో కత్తి నిటారుగా, సన్నగా ఉంటుంది. పొడవు సుమారు 52 సెంటీమీటర్లు. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ అక్షరం టీ ఆకారం. వెన్ను వెడల్పు, కిందికి సన్నం. పిడి చెక్క, చివర మాత్రం ఇత్తడి. ఫ్రెంచ్‌వాళ్ళు మొదటిదాన్ని సాబ్ర్ అన్నారు, అంటే నరికే కత్తి. దీన్ని ఎపే అన్నారు, అంటే పొడిచే కత్తి. ఎనిమిదేళ్ళలో ఆలోచన ఎలా మారిందో పేరులోనే ఉంది. ఇవి లెక్కలేనన్ని తయారయ్యాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇదే మంచిది, ధర అందుబాటులో ఉంటుంది.

మూడోది 1886 మోడల్, లెబెల్ తుపాకిది. దీని కత్తి అసలు కత్తిలాగే ఉండదు, పెద్ద దబ్బనంలా ఉంటుంది. అడ్డంగా చూస్తే ప్లస్ గుర్తు. దీంతో ఏదీ కోయలేం, పొడవడం ఒక్కటే. పిడి తెల్లని లోహం, నికెల్ కలిసినది. మొదటి ప్రపంచయుద్ధంలో దీనికి రోజాలీ అని ఆడపిల్ల పేరు వచ్చింది. తెయోదోర్ బొత్రెల్ అనే గాయకుడు 1914లో కట్టిన పాటతో ఆ పేరు బాగా పాపులర్ అయ్యింది. 1915లో పిడి దగ్గరుండే కొక్కెం తీసేశారు. 1935లో చాలావాటిని కోసి పొట్టిగా చేశారు. అంటే కొక్కెం ఉందా, పొడవెంత అని చూస్తే మీ చేతిలో ఉన్న రోజాలీ జీవితంలో ఏం జరిగిందో కొంత తెలిసిపోతుంది.

ఇంకొక మాట. పొట్టి రోమన్ కత్తిలాంటి, పిడంతా ఇత్తడి ఉన్న 1831 మోడల్ ఒకటి కనిపిస్తుంది. కొందరు దాన్ని కూడా బాయినెట్ అని అమ్ముతారు. కాదు. అది నడుముకి కట్టుకునే కత్తి మాత్రమే. సైనికులే దానికి "క్యాబేజీలు కోసేది" అని పేరు పెట్టుకున్నారు. తుపాకి గొట్టం దూరే రింగ్ ఉందా లేదా చూడండి. రింగ్ లేకపోతే అది బాయినెట్ కాదు.

ఆ ఒక్క లైను ఎలా చదవాలి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. షాస్‌పో, గ్రా బాయినెట్ల వెన్ను మీద, పిడికి దగ్గర్నుంచి మొదలై, కలిపిరాత అక్షరాలతో సన్నగా చెక్కిన ఒక లైను ఉంటుంది. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెల మీద పేరు, తారీఖు కొట్టిస్తారు చూడండి. ఫలానావారి పెళ్ళికి ఫలానావారు ఇచ్చారని. దాదాపు అలాంటిదే ఇది.

లైను మొదట్లో పెద్ద ఎం అక్షరం, పక్కన చిన్నగా ఆర్, ఈ ఉంటాయి. మాన్యుఫాక్త్యూర్ అనే మాటకి పొట్టిరూపం. అంటే కర్మాగారం. తర్వాత ఊరి పేరు. సెంట్ ఎటియెన్, షాతెల్రో, త్యూల్, మ్యుత్సిగ్, వీటిలో ఏదో ఒకటి ఉండొచ్చు. చివర నెల, సంవత్సరం.

చిన్న లైనే. కానీ ఇందులో ఫ్రాన్స్ చరిత్రలో ఒక పెద్ద మలుపు దాగి ఉంది. 1870కి ముందు తయారైన షాస్‌పో బాయినెట్ల మీద కర్మాగారం అనే మాట తర్వాత "ఎంపీరియాల్" అని ఉంటుంది. అంటే చక్రవర్తిగారి కర్మాగారం. అప్పటి చక్రవర్తి మూడో నెపోలియన్. 1870లో ఆయన ప్రష్యాతో యుద్ధానికి దిగి, సెప్టెంబర్ 2న సెడాన్ దగ్గర లొంగిపోయాడు. రెండు రోజులకి, సెప్టెంబర్ 4న, పారిస్‌లో రిపబ్లిక్ ప్రకటించారు. ఆ తర్వాత తయారైన వాటి మీద "ఎంపీరియాల్" మాయమై, ఉత్త "ఆయుధాల కర్మాగారం" అని వస్తుంది. రాజ్యం పోయిందని కత్తి వెన్నే చెప్తోంది చూశారా!

మ్యుత్సిగ్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ ఊరు అల్సాస్ ప్రాంతంలో ఉంది. 1871 ఒప్పందంతో ఆ ప్రాంతం జర్మనీకి పోయింది. కాబట్టి 1874 మోడల్ గ్రా బాయినెట్ చూపించి "ఇది మ్యుత్సిగ్‌లో ఫ్రెంచ్ సైన్యం కోసం చేసింది" అని ఎవరైనా చెప్తే, తేదీలే ఒప్పుకోవు.

నెల చదవడంలో ఒక తమాషా ఉంది. కొన్నిటి మీద నెల పేరు బదులు 7 అంకె వేసి, పక్కన చిన్నగా బి, ఆర్, ఈ అని ఉంటుంది. మనం వెంటనే ఏడో నెల, జులై అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. తప్పు. అది సెప్టెంబర్. పాత రోమన్ క్యాలెండర్ మార్చితో మొదలయ్యేది. అందులో సెప్టెంబర్ ఏడో నెల. మనకి ఇది గుర్తుపెట్టుకోవడం ఫ్రెంచ్ పిల్లలకన్నా తేలిక. సప్త అంటే సెప్టెంబర్, అష్ట అంటే అక్టోబర్, నవ అంటే నవంబర్, దశ అంటే డిసెంబర్. డిసెంబర్‌కి రోమన్ అంకె పది, అంటే ఎక్స్ అక్షరం వేస్తారు.

గ్రా బాయినెట్లలో కొన్నిటి మీద "స్టైర్" అనే పేరు కనిపిస్తుంది. అది ఆస్ట్రియాలో ఊరు. నకిలీ అనుకోకండి. గిరాకీ ఎక్కువై బయటి ఫ్యాక్టరీలకి కూడా పని ఇచ్చారు. రోజాలీ మీద మాత్రం ఈ లైను ఉండదు, ప్లస్ ఆకారం కత్తికి రాయడానికి వెన్నే లేదు కదా.

సెంట్ ఎటియెన్ పేరు వచ్చింది కాబట్టి గేమ్స్ ఆడేవాళ్ళకి ఒక మాట. ఫ్రీ ఫైర్‌లో ఫమాస్ గన్ తెలుసుగా? ఆ పేరులో చివరి మూడు అక్షరాలు, ఎం, ఏ, ఎస్, ఈ ఊరి ఆయుధ కర్మాగారం పేరుకి పొట్టిరూపం. 1764లో రాజుగారి కర్మాగారంగా మొదలై, 2001లో మూతపడింది. ఇప్పుడు ఆ స్థలంలో డిజైన్ కేంద్రం ఉంది. అంటే నేను రుద్దేసిన కత్తి, నేను రోజూ నడిచే దారి పక్కనే తయారైంది. ఆ సంగతి తెలిసింది రుద్దేశాక.

నంబర్లు ఏం చెప్తాయి?

పిడికీ కత్తికీ మధ్య అడ్డంగా ఉండే ఇనుప పట్టీ చూడండి. దాని మీద ఒక అక్షరం, కొన్ని అంకెలు కొట్టి ఉంటాయి. ఒర మీద కూడా, మూతి దగ్గర, నంబర్ ఉంటుంది. సైనికుడికి ఇచ్చిన తుపాకి, బాయినెట్, ఒర, మూడింటికీ ఒకే నంబర్. ఎందుకంటే ఒక తుపాకి మూతికి సరిపడేలా బిగించిన బాయినెట్ ఇంకో తుపాకికి వదులుగా ఉండొచ్చు.

తుపాకి దొరకడం కష్టం. కానీ కత్తి నంబర్, ఒర నంబర్ ఒకటే అయితే సేకరించేవాళ్ళు దాన్ని జత కలిసింది అంటారు. విలువ పెరుగుతుంది. నాదాంట్లో రెండూ వేరు. అంటే ఒకడి కత్తి, ఇంకొకడి ఒర. యుద్ధంలో మారిందా, గోడౌన్‌లో మారిందా, ఈ మధ్య ఎవరైనా అమ్మడానికి జతచేశారా, దాన్ని చూసి చెప్పలేం.

పట్టీ పక్కన కత్తి మొదట్లో చిన్న చిన్న ముద్రలు కూడా ఉంటాయి. ఫ్యాక్టరీలో పరీక్షించినవాళ్ళు వేసినవి. 1870 యుద్ధంలో జర్మన్లు షాస్‌పోలని పెద్ద ఎత్తున పట్టుకుపోయి, మళ్ళీ వాడుకున్నారు. అందుకే కొన్నిటి మీద ఫ్రెంచ్ రాతతో పాటు జర్మన్ దళాల గుర్తులు కూడా ఉంటాయి. అలాంటిది దొరికితే అది ఇద్దరు యజమానుల దగ్గర పనిచేసిన కత్తి అన్నమాట.

కొనేటప్పుడు దెబ్బతినే చోట్లు

ఒకటి, అతి మెరుపు. ఫోటోలో అద్దంలా మెరిసిపోతుంటే ఎవరో నాలాంటివాడు చేతివాటం చూపించాడని అర్థం. కొన్నిటికి తళతళలాడే పూత కూడా పూయించారు. గోడకి బాగుంటుంది. చదవడానికి ఏమీ మిగలదు. అమ్మేవాళ్ళని వెన్ను ఫోటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

రెండు, కోసేసినవి. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఇంత పొడవు కత్తి పనికిరాలేదు. లెబెల్ తుపాకికి రోజాలీ తగిలిస్తే దాదాపు 1.8 మీటర్లు. ఇరుకు కందకంలో అది తిరగదు. అందుకే పాత బాయినెట్లని కోసి పొట్టి కత్తులు చేసుకున్నారు. అవి నిజంగా చరిత్రే. కానీ తర్వాత ఇంటి అవసరానికి ఎవరో కోసినవి కూడా అలాగే కనిపిస్తాయి. "కందకం కత్తి" అని ఎక్కువ ధర చెప్తే తొందరపడకండి.

మూడు, కథలు. "ఇది వెర్డన్ యుద్ధభూమిలోది" లాంటివి. వెర్డన్ దగ్గర దువోమోన్‌లో బాయినెట్ల కందకం అనే స్మారకం ఉంది. నిలబడి దాడికి సిద్ధంగా ఉన్న సైనికులు బాంబుల మట్టిలో అలాగే పూడిపోయారని, బాయినెట్ల మొనలు మాత్రం పైకి మిగిలాయని అక్కడి కథ. 1920లో స్మారకం కట్టారు. కానీ చరిత్రకారులు చాలామంది చెప్పేది వేరు. చనిపోయినవాళ్ళని పూడ్చిన చోటు గుర్తుండడానికి తుపాకులు గుచ్చి ఉంటారని. చనిపోయింది నిజం, బాధ నిజం, కథే మారింది. స్మారకం విషయంలోనే అలా ఉంటే, సంతలో అమ్మేవాడి కథ ఎంత నమ్మాలో మీరే ఆలోచించండి. కథ కొనకండి, రాత కొనండి.

నాలుగు, మట్టిలోంచి తవ్వినవి. ఫ్రాన్స్‌లో అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో చరిత్ర వస్తువులు వెతకడం నేరం. పైగా ఆ నేలల్లో పేలని బాంబులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ మనుషుల ఎముకలు కూడా ఉన్నాయి. తవ్వి తెచ్చినదాన్ని కొంటే ఆ తవ్వకానికి మనమే డబ్బులిచ్చినట్టు.

"బావా, నాకొకటి పార్సిల్ చెయ్యరా"

గ్రూప్‌లో ఫోటో పెట్టిన రోజే రాజమండ్రి నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్ బావా, భలే ఉందిరా. నాకూ ఒకటి పార్సిల్ చెయ్యి, హాల్లో గోడకి పెట్టుకుంటా" అని. నేనూ సరే అనేవాడినే. అదృష్టం బాగుండి ముందు చదివాను.

ఇండియాలో ఆయుధాల చట్టం 1959 ఉంది. దాని కింద 2016లో వచ్చిన నియమాల్లో కత్తులు, బాకులతో పాటు బాయినెట్ అనే మాట పేరుపెట్టి మరీ ఉంది. తొమ్మిది అంగుళాలు దాటిన కత్తి అంటే ఆ లెక్కలోకి వస్తుంది. మనం మాట్లాడుకునేవి ఇరవై అంగుళాలు దాటినవి. ఆయుధాన్ని దేశంలోకి తేవాలంటే లైసెన్స్ కావాలి. "పాతది సార్, గోడకి పెట్టుకోడానికి" అంటే కస్టమ్స్‌లో కుదరదు. కాబట్టి ఆన్‌లైన్‌లో కనిపించింది కదా అని ఇంటి అడ్రస్ పెట్టి ఆర్డర్ చేయకండి. సూట్‌కేసులో దాచి తేవాలని అసలే అనుకోకండి. బావకి ఇదే చెప్పాను. "అయితే ఫోటో పెద్దది తీసి పంపు, ఫ్రేమ్ కట్టించుకుంటా" అన్నాడు. అది మంచి ఐడియా.

ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ళకి, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవచ్చు. కానీ సరైన కారణం లేకుండా చేతిలో పట్టుకుని వీధిలో తిరగకూడదు. కొన్నాక మూటకట్టి నేరుగా ఇంటికి. రీల్స్ కోసం పార్కులో ఊపితే పోలీసులు వస్తారు, తప్పు వాళ్ళది కాదు.

తోమొద్దు. మరి ఏం చేయాలి?

ఇంటికి తెచ్చాక మొదటి రోజు చేయాల్సింది ఫోటో మాత్రమే. దీనికి మీ ఫోన్ చాలు.

గది లైట్లు ఆర్పేయండి. కత్తిని బల్ల మీద గుడ్డ పరిచి పెట్టండి. ఒక ఫోన్‌ని పైన కదలకుండా నిలబెట్టండి. ఇంకో ఫోన్ టార్చ్ వేసి, వెలుతురు పైనుంచి కాకుండా, కత్తికి దాదాపు ఆనుకుని పక్కనుంచి పడేలా పట్టుకోండి. అరిగిపోయిన గీతల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి. టార్చ్‌ని కొంచెం కొంచెం జరుపుతూ పది ఫోటోలు తీయండి. తర్వాత ఎడిట్‌లో కాంట్రాస్ట్ పెంచి చూడండి. కంటికి కనపడని అక్షరం ఫోటోలో కనపడుతుంది.

తర్వాత పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడవండి. కత్తికి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క, పల్చగా రాయండి. ఎర్రగా పొడిలా రాలే తుప్పు ఉంటే నూనె రాసి ఒకటి రెండు రోజులు వదిలేసి, గుడ్డతో తుడవండి. ఓపికగా మళ్ళీ మళ్ళీ చేయాలి. గట్టిగా ఉన్న నల్లటి, గోధుమరంగు పొరని ముట్టుకోకండి. అది మురికి కాదు, దాని వయసు. ఇత్తడికి చింతపండు, నిమ్మకాయ, పాలిష్, ఏదీ వద్దు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, అది ఇనుముని తినేస్తుంది. పట్టుకున్న ప్రతిసారీ తుడిచి పెట్టండి. ఒర తోలుదైతే కత్తిని అందులో ఎక్కువకాలం ఉంచకండి, తోలు తేమ పట్టి తుప్పు తెస్తుంది. పిల్లలకి అందని చోట పెట్టండి. అంచుకి పదును లేకపోయినా మొన మొనే.

చివరి మాట

ఈ టార్చ్ పద్ధతి నాకు ఆ పెద్దాయనే నేర్పారు. రూమ్‌లో చీకటి చేసి, నా కత్తి మీద నేను ప్రయత్నించాను. మూడు రాత్రులు. చివరికి ఎం అక్షరం నీడ కనిపించింది. తర్వాత సగం "ఎంపీరియాల్". ఊరి పేరులో "ఎతియెన్". నెల లేదు. సంవత్సరంలో 1, 8, 6 ఉన్నాయి, చివరి అంకె లేదు. 1866 మోడల్ కాబట్టి 66 నుంచి 69 లోపు ఏదో ఒకటి. అంతకన్నా ఇక ఎప్పటికీ తెలియదు. నూట యాభై ఏళ్ళు వర్షం, తుప్పు, అటక మీద ఎలుకలు చెరపలేని అంకెని నేను ఒక ఆదివారం మధ్యాహ్నం చెరిపేశాను.

కొందరు అడుగుతారు, మనుషుల్ని పొడిచే వస్తువుని సేకరించడం ఏంటి, బాధనిపించదా అని. అనిపిస్తుంది. అనిపించాలి కూడా. ఇది బొమ్మ కాదు. దీన్ని మోసినవాడు బహుశా మన వయసు కుర్రాడే. వాడి పేరు కత్తి మీద లేదు, ఉన్నది ఒక నంబర్. ఆ నంబర్, ఆ నెల, ఆ ఊరు, ఇవే వాడు ఉన్నాడనడానికి మిగిలిన ఆనవాళ్ళు. వాటిని కాపాడితే మనం సేకరించేవాళ్ళం. చెరిపేస్తే మన దగ్గరున్నది ఉత్త ఇనుము.

తర్వాత నేను ఒక గ్రా బాయినెట్ కొన్నాను. చెక్కపిడి పగిలింది, ఇత్తడి నల్లగా ఉంది, చూడ్డానికి ఏమీ బాగోదు. వెన్ను మీద లైను మాత్రం పూర్తిగా ఉంది, 9 అంకెతో నెల వేసి మరీ. అంటే నవంబర్. దాన్ని నేను తోమలేదు.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ అటక మీద ఉన్న అమ్మమ్మగారి ఇత్తడి గిన్నె దింపి, తోమే ముందు ఒకసారి తిప్పి చూడండి. అడుగున ఎవరి పేరుందో చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.